రేబిస్: ఆసుపత్రి ఒక్కటే ఆపలేని మరణం

లక్షణాలు బయటపడిన తరువాత వైద్యానికి లొంగని వ్యాధులు లోకంలో కొన్ని ఉన్నాయి. సకాలంలో మేల్కొంటే దాదాపు పూర్తిగా నివారించగల వ్యాధులు మరికొన్ని ఉన్నాయి. ఈ రెండు స్వభావాలూ ఒకే వ్యాధిలో కలిసి కనిపించడం అరుదు. రేబిస్ అలాంటి వ్యాధి. పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే జబ్బుగా అది మన పెద్దలందరికీ తెలుసు. రోగి నీళ్ళను చూసి బెదిరిపోతాడు గనుక దానిని జలభీతి అని కూడా అంటారు.

ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాటుకు గురయ్యేవారిలో నూటికి నలభై మంది 15 ఏళ్ళలోపు పిల్లలే. మన దేశం విషయానికి వస్తే, భారత వైద్య పరిశోధన మండలి 2022, 2023 సంవత్సరాలలో 15 రాష్ట్రాలలో ఇంటింటి సర్వే జరిపించింది. దాని ప్రకారం దేశంలో ఏటా దాదాపు 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు కుక్కకాట్లే. ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని ఆ అధ్యయనం అంచనా కట్టింది. కుక్క కరిచిన ప్రతి అయిదుగురిలో ఒకరు టీకా జోలికే పోలేదు. మొదలుపెట్టిన వారిలోనూ చాలామంది చివరి దాకా వేయించుకోలేదు.

టీకా లేక ఈ మరణాలు సంభవించడం లేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ టీకా ఉచితం. మరి లోపం ఎక్కడుంది? ఒకరి చేతిలోని పని మరొకరి చేతికి అందవలసిన చోట జారిపోతున్నది. ఈ నెల శీర్షికలో మేము పాఠకుల ముందుంచదలచిన విషయం అదే.

వ్యాధి నడిచే దారి

రేబిస్‌ను కలిగించే వైరస్ వ్యాధిగ్రస్త జంతువు చొంగలో ఉంటుంది. కాటు ద్వారా గానీ, గీరిన చోట చొంగ తగలడం ద్వారా గానీ అది మన శరీరంలో ప్రవేశిస్తుంది. రక్తం వెంట పరుగెత్తకుండా నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు నడుస్తుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో కొద్ది రోజులలోనే లక్షణాలు కనిపిస్తాయి. మరికొందరిలో ఏడాది దాటవచ్చు. తల, ముఖం, మెడ, చేతివేళ్ళ మీది కాట్లు మరింత ప్రమాదకరం. పసిపిల్లలకు కాటు ముఖం మీద, తల మీద పడే అవకాశం ఎక్కువ. వారి విషయంలో గంటలు కూడా విలువైనవే.

వైరస్ మెదడును చేరేలోపు దానిని అడ్డగించడమే టీకా చేసే పని. ఆ ఒకటి రెండు నెలల నెమ్మది మనకు దక్కిన గడువు. ఆ గడువే మనలను మోసగిస్తున్నది కూడా. గాయం మానిపోతుంది, నొప్పి పోతుంది, కరిచిన కుక్క వీధిలో కనిపించకుండా పోతుంది, ఇంట్లో అందరూ ఆ సంగతి మరచిపోతారు. నెల గడిచాక మానిన గాయం దగ్గర తిమ్మిరి, మంట, జ్వరం, ఆందోళన మొదలవుతాయి. గుక్కెడు నీళ్ళు మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుంటాయి. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తితే వైద్యులు చేయగలిగేది రోగి బాధను కొంత తగ్గించడం మాత్రమే.

కూనూరు నుంచి గ్రామం దాకా

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క తీవ్రంగా కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్ అనే బాలుడికి తన టీకాను ఇప్పించాడు. ఆ బాలుడు బతికాడు. మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయ పాదాల వద్ద కసౌలీలో వెలిసింది. దక్షిణాది వారు అంత దూరం వెళ్ళేలోపే గడువు ముగిసిపోయేది. 1902లో ఒక ఆంగ్ల యువతి అలా సకాలంలో వైద్యం అందక మరణించింది. ఆ విషాదం దక్షిణాదికీ ఇలాంటి సంస్థ కావాలన్న కోరికకు ప్రేరణ అయింది. 1907లో నీలగిరులలోని కూనూరులో పాశ్చర్ సంస్థ ఏర్పడింది. ఆనాడు మద్రాసు రాజ్యంలో భాగమైన మన కోస్తా జిల్లాల మనిషి కూనూరు చేరాలంటే రోజుల తరబడి ప్రయాణం చేయవలసి వచ్చేది.

తరువాతి కాలంలో గొర్రె మెదడు నుంచి తీసిన టీకా వాడుకలోకి వచ్చింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న మాట ఆ నాటిదే. నొప్పి, దుష్ఫలితాలు ఎక్కువగా ఉన్న ఆ టీకాను 2004 చివర మన దేశంలో నిలిపివేశారు. ఇప్పుడున్నది కణవర్ధన పద్ధతిలో తయారైన సురక్షితమైన టీకా. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మనుషులకు అభయ్‌రాబ్ పేరుతో, కుక్కలకు రక్షారాబ్ పేరుతో టీకాలు తయారుచేస్తున్నది. అంటే మనిషికి వేసే సూది, కుక్కకు వేసే సూది రెండూ మన తెలుగు నేల మీద ఉన్న సంస్థ నుంచే వస్తున్నాయి. కూనూరు ప్రయాణం నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా కుదించుకుపోయింది. అయినా ఇప్పటికీ పద్నాలుగు సూదుల భయంతో ఆసుపత్రికి వెళ్ళనివారు ఉన్నారు. ఇళ్ళలోని పెద్దలు ముందుగా ఆ పాత భయాన్ని తొలగించాలి.

పూడిమడకను ఉదాహరణగా తీసుకుంటే

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న పెద్ద మత్స్యకార గ్రామం పూడిమడక. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు అది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఈ మధ్య దాని పేరు హరిత హైడ్రోజన్ ప్రాజెక్టు వల్ల దేశమంతటా వినిపించింది. 2025 జనవరి 8న ప్రధానమంత్రి దానికి శంకుస్థాపన చేశారు. పక్కనే అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి, అందులోని కర్మాగారాలు, వాటిలో పనికోసం వచ్చినవారి అద్దె గదులు. ఒకవైపు శతాబ్దాల నాటి చేపల వేట, మరొకవైపు వేగంగా పెరుగుతున్న కొత్త జనవాసం. ఇలాంటి ఊళ్ళు మన తీరం వెంట అనేకం ఉన్నాయి.

చేపలు దిగే ఒడ్డున కుక్కలు చేరడం సహజం. వలల నుంచి విదిల్చిన చిన్న చేపలు, శుభ్రం చేసినప్పుడు పారేసిన తలలు, పేగులు, ఇసుక మీద ఎండబెట్టిన చేపలు వాటికి ఆహారం. తెల్లవారుజామున పడవ దగ్గరికి వెళ్ళే మగవారు, గంపలతో బయలుదేరే ఆడవారు, ఒడ్డున ఆడుకునే పిల్లలు రోజూ ఆ గుంపుల మధ్య నుంచే నడుస్తారు.

అలాంటి చోట వేటకు వెళ్ళే ఒక మనిషి పిక్కను కుక్క పట్టిందని ఊహించుకుందాం. పడవ సిద్ధంగా ఉంది, తోటివారు ఎదురుచూస్తున్నారు. సముద్రపు నీళ్ళలో కాలు ముంచి, గుడ్డ చుట్టి, అతడు పడవ ఎక్కుతాడు. మూడు రోజుల తరువాత ఒడ్డుకు వస్తాడు. ఇంట్లో వారు బలవంతపెడితే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మొదటి సూది వేయించుకుంటాడు. రెండవ సూదికి చెప్పిన తేదీన మళ్ళీ సముద్రంలో ఉంటాడు. నాలుగవ సూది నాటికి గాయం ఆనవాలే ఉండదు. కరిచిన కుక్క ఏమైందో ఎవరూ చూడరు. ఆ కుక్క మరెవరిని కరిచిందో ఎవరికీ తెలియదు.

ఇందులో చెడ్డవారెవరూ లేరు. వైద్యుడు సూది వేశాడు. పశువైద్యుడికి కబురే అందలేదు. పంచాయతీకి ఇది తన పని అని తోచలేదు. పడవ యజమానికి సూదుల తేదీలు ఎవరూ చెప్పలేదు. ఎవరి పని వారు చేసినట్టే ఉంటుంది, ప్రాణం మాత్రం నిలవకపోవచ్చు.

కాటు పడిన వెంటనే

మొదటిది కడగడం. కుళాయి కింద గానీ, చెంబుతో ధారగా పోస్తూ గానీ, సబ్బు రాసి పదిహేను నిమిషాలు గాయాన్ని కడగాలి. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించి వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. సముద్రపు నీరు సబ్బుకు బదులు కాదు. కడిగిన తరువాత పోవిడోన్ అయోడిన్ వంటి మందు రాయవచ్చు. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు, కాఫీ పొడి వంటివి గాయంలో కూరకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు. కుట్లు వేయవలసిన అవసరం ఉన్నదో లేదో వైద్యుడు నిర్ణయిస్తాడు.

రెండవది గాయం తీవ్రతను గుర్తించడం. చెక్కుచెదరని చర్మాన్ని కుక్క నాకినా, దానిని మనం తాకినా టీకా అవసరం లేదు, కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా పంటి గాటు పడినా, గోటితో గీరినా టీకా వేయించుకోవాలి. చర్మం చీలి రక్తం వచ్చినా, పాత పుండు మీద గానీ, కంటిలో, నోటిలో గానీ చొంగ పడినా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. టీకా శరీరంలో రక్షణను పుట్టించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపు సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలను గాయంలోపలే అందించడం ఇమ్యునోగ్లోబులిన్ పని. మొదటి టీకా రోజునే దానిని ఇప్పించడం మంచిది; ఆలస్యమైనా ఏడు రోజులు దాటకూడదు. చిన్న ఆరోగ్య కేంద్రంలో అది లేకపోతే పెద్ద ఆసుపత్రికి పంపిస్తారు. రక్తం కారిన గాయంతో వెళ్ళినప్పుడు ఈ మందు గురించి వైద్యుడిని అడగడం రోగి హక్కు.

మూడవది తేదీలు. ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మం పొరలో వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తరువాత మూడవ, ఏడవ, ఇరవై ఎనిమిదవ రోజులలో టీకా వేస్తారు. ఒకటవ తేదీన మొదలైతే 4, 8, 29 తేదీలు. కండలో వేసే పద్ధతిలో పద్నాలుగవ రోజున మరొక సూది ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిబిడ్డలు నిస్సంకోచంగా వేయించుకోవచ్చు. కాటు పడి రోజులు గడిచిపోయినా, లక్షణాలు మొదలు కాకపోతే వెళ్ళి వేయించుకోవలసిందే.

నాలుగవది ఆ జంతువు మీద కన్ను. కరిచినది కుక్క గానీ పిల్లి గానీ అయితే, కాటు వేసేనాటికే దాని చొంగలో వైరస్ ఉంటే పది రోజులలోపు అది జబ్బుపడి చనిపోతుంది. పది రోజుల తరువాత కూడా ఆరోగ్యంగా తిరుగుతూ ఉంటే, మిగిలిన సూదులు అవసరమో కాదో వైద్యుడు చెబుతాడు. ఆ పది రోజులూ టీకా ఆపి ఎదురుచూడడం మాత్రం ప్రాణాంతకం. కరిచిన కుక్కను అక్కడికక్కడే కొట్టి చంపితే ఈ సమాచారం చేజారుతుంది.

మన ఇళ్ళలో గమనించవలసినవి

కుక్కను పెంచుకోని ఇల్లు మనది, మనకు ఈ ప్రమాదం లేదు అనుకునే కుటుంబాలు మనలో ఎక్కువ. రేబిస్ మన గుమ్మంలోకి పెంపుడు కుక్కతోనే రానవసరం లేదు. ఫజర్ నమాజుకు చీకట్లో నడిచి వెళ్ళే వృద్ధుడు, మక్తబ్‌కు పుస్తకాలు పట్టుకుని పరుగెత్తే పిల్లవాడు వీధి కుక్కల మధ్య నుంచే వెళ్తున్నారు. ఇంట్లో ముద్దుగా తిరిగే పిల్లికి కూడా ఈ వ్యాధి సోకుతుంది.

కుక్క తాకితే బట్టలు అపవిత్రమయ్యాయని తిడతారేమో అన్న భయంతో పిల్లలు కాటు సంగతి దాచిపెట్టడం మన ఇళ్ళలో జరగగల విషయం. మందలింపు కన్నా ముందు గాయాన్ని చూడాలి. కుక్క నోరు పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలనీ, అందులో ఒకసారి మట్టితో తోమాలనీ దైవప్రవక్త (స) బోధించినట్లు ప్రామాణిక హదీసు గ్రంథాలలో ఉంది. ఆ బోధన పాత్రకు సంబంధించినది. దానిని గాయానికి అన్వయించి మట్టి పూయడం తగదు. కుక్క చొంగ విషయంలో జాగ్రత్త వహించాలన్న స్పృహ మనకు ఇంతగా ఉన్నప్పుడు, గాయాన్ని సబ్బుతో కడగడంలో మనమే అందరికన్నా ముందుండాలి.

రమజాన్‌లో సూది వేయించుకుంటే ఉపవాసం భంగమవుతుందేమోనని కొందరు తేదీలు వాయిదా వేస్తారు. పోషణ కోసం కాక వైద్యం కోసం చర్మంలో గానీ, కండలో గానీ వేసే సూది ఉపవాసాన్ని భంగపరచదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. సందేహం ఉన్నవారు స్థానిక ఆలిమ్‌ను ఆ రోజే అడిగి తెలుసుకోవాలి. సూది తేదీని మాత్రం దాటనివ్వకూడదు.

తాయెత్తు కట్టించి, ఊదించి ఇంటికి తీసుకువెళ్ళే అలవాటు కొన్ని చోట్ల నేటికీ ఉంది. దుఆ చేయడం విశ్వాసి సహజ గుణం. అయితే ఒంటెను కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమని బోధించిన ధర్మం మనది. వ్యాధికి చికిత్స చేయించుకోమని కూడా ఆ ప్రవక్త (స) బోధించారు. మన దగ్గరికి బిడ్డను తీసుకువచ్చిన తల్లిదండ్రులను ముందు ఆసుపత్రికి పంపించడం పెద్దల కర్తవ్యం.

బక్రీద్ రోజులలో మరొక జాగ్రత్త అవసరం. ఖుర్బానీ వ్యర్థాలను వీధి మూలన పడేస్తే ఊళ్ళోని కుక్కలన్నీ అక్కడికి చేరతాయి. వాటి మధ్య కొట్లాటలు, పిల్లల మీద దాడులు మొదలవుతాయి. వ్యర్థాలను లోతుగా పూడ్చడం గానీ, పురపాలక సిబ్బందికి అప్పగించడం గానీ చేయాలి. మేకను, గొర్రెను, ఆవును పిచ్చికుక్క కరిస్తే వాటికీ ఈ వ్యాధి వస్తుంది. అలా కరిచిన పశువు గురించి వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. అనుమానం ఉన్న పశువును కోయకూడదు. దాని నోట్లో చేయి పెట్టకూడదు. కోసేవారికి తల, మెదడు భాగాల నుంచి ప్రమాదం పొంచి ఉంటుంది.

కుక్కలను ఏం చేయాలి?

ఈ ప్రశ్న దగ్గరే సమాజం రెండుగా చీలుతున్నది. అన్నింటినీ చంపివేయాలని కొందరు, ఒక్కదానిని కూడా ముట్టుకోరాదని మరికొందరు వాదిస్తున్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఈ వివాదంలో 2025 ఆగస్టు 22న వచ్చిన ఉత్తర్వు ప్రకారం, వీధి కుక్కలకు గర్భనిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, తిరిగి అదే ప్రాంతంలో వదలాలి. రేబిస్ సోకిన, సోకిందన్న అనుమానం ఉన్న, దూకుడుగా ప్రవర్తించే కుక్కలను మాత్రం వదలకూడదు. ఆ తరువాత నవంబరులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తొలగించాలని కూడా న్యాయస్థానం ఆదేశించింది.

మన ధార్మిక సంప్రదాయం ఈ విషయంలో సమతూకం చూపింది. దాహంతో తడి మట్టిని నాకుతున్న కుక్కకు తన మేజోడుతో బావి నీరు తోడి పోసిన మనిషికి క్షమాపణ లభించిందని హదీసు చెబుతుంది. గుహవాసుల వెంట ఉన్న కుక్కను దివ్య ఖుర్ఆన్ ప్రస్తావించింది. అదే సమయంలో, మనుషుల మీద పడి కరిచే ప్రమాదకరమైన కుక్కను ఇహ్రామ్ స్థితిలో ఉన్నవాడు సైతం చంపవచ్చునన్న అనుమతి కూడా హదీసులో ఉంది. మామూలు జంతువు వేరు, ప్రాణహాని కలిగించేది వేరు. ఒకదాని మీద దయ, రెండవదాని నుంచి రక్షణ. ఈ రెంటికీ మధ్య వైరుధ్యం లేదు.

చట్టాన్నీ, ధర్మాన్నీ పక్కన ఉంచి కేవలం ఫలితాన్ని చూసినా, ఊరి కుక్కలను మూకుమ్మడిగా చంపడం రేబిస్‌ను ఆపలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఖాళీ అయిన వీధిలోకి చుట్టుపక్కల నుంచి టీకా లేని కుక్కలు వచ్చి చేరతాయి. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి డెబ్భయి వాటికి టీకా వేయగలిగితే వైరస్ ఒక కుక్క నుంచి మరొక కుక్కకు పాకలేక ఆగిపోతుంది. టీకా వేసిన కుక్క ఆ వీధికి కాపలా గోడ వంటిది.

గోవాలో ఇదే జరిగింది. అక్కడ ప్రభుత్వం, పశువైద్యులు, స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి కుక్కలకు టీకాలు వేశారు. బడి పిల్లలకు పాఠాలు చెప్పారు. జబ్బుపడిన కుక్క కనిపిస్తే పరిశీలించే బృందాలను ఏర్పాటు చేశారు. మూడేళ్ళుగా మనుషులలో ఒక్క రేబిస్ మరణం కూడా లేదని 2021లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పొరుగు దేశమైన బంగ్లాదేశ్‌లో 2010కి ముందు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోయేవారని అంచనా. కాటుకు గురైనవారికి జిల్లా ఆసుపత్రులలో ఉచిత టీకా, కుక్కలకు సామూహిక టీకా కార్యక్రమం రెండూ కలిపి నడిపిన తరువాత ఆ సంఖ్య వందల్లోకి దిగివచ్చింది. మనకన్నా సంపన్నం కాని, జనసాంద్రత మనకన్నా ఎక్కువగా ఉన్న దేశం అది. వారు చేసినది మనకు అసాధ్యం కాదు.

చేతులు కలిసే చోటు

2021 సెప్టెంబరు 28న కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను దేశం నుంచి తొలగించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. ఆరోగ్య మంత్రిత్వ శాఖ, మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమాభివృద్ధి మంత్రిత్వ శాఖ కలిసి దానిని రూపొందించాయి. మనిషి ఆరోగ్యం, జంతువు ఆరోగ్యం, పరిసరాల ఆరోగ్యం ఒక్కటేనన్న భావన దానికి పునాది. గమనించండి: చేపల వేటనూ, కుక్కల టీకానూ చూసే మంత్రిత్వ శాఖ ఒక్కటే. పూడిమడక వంటి ఊరికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఏముంటుంది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. మగవారు ఇళ్ళ దగ్గర ఉండే కాలం అది. ఒడ్డున తిండి తగ్గిన కుక్కలు ఇళ్ళ మధ్యకు చేరడమూ సహజమే. ఏ కుక్క ఏ వీధిదో, ఏది ఎవరు పిలిస్తే వస్తుందో ఊరివారికే తెలుసు. ఆ రెండు నెలలలో పశుసంవర్ధక శాఖ సిబ్బంది వచ్చి, పంచాయతీ తోడ్పాటుతో, యువకుల సాయంతో ఊరంతటి కుక్కలకూ టీకాలు వేయవచ్చు. జూలై 6న, ప్రపంచ జంతుసంక్రమిత వ్యాధుల దినం నాడు, మన రాష్ట్రంలో పశువైద్యశాలలు పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తుంటాయి. తప్పిపోయిన వాటికి అది రెండవ అవకాశం.

ఆరోగ్య కేంద్రంలో కాటు నమోదైన రోజునే ఆ కబురు పశువైద్యుడికీ, పంచాయతీకీ చేరాలి. ఆశా కార్యకర్త దగ్గర ఆ వ్యక్తి సూదుల తేదీలు ఉండాలి; పడవ యజమానికీ, కర్మాగారం పర్యవేక్షకుడికీ ఆ తేదీలు తెలియాలి. వేటకు వెళ్ళేవాడు మూడవ, ఏడవ రోజులు ఒడ్డున ఉండగలిగేలా తోటివారు సర్దుకోవాలి. ఆ ఒక్క వారం కూలి నష్టం ఎవరు భరించాలో మత్స్యకార సంఘం ముందుగా మాట్లాడుకోవాలి. చేపల వ్యర్థాలకు ఒడ్డున ఒక గుంత, దానిని రోజూ పూడ్చే మనిషి పంచాయతీ బాధ్యత. బడిలో ఉపాధ్యాయుడు పిల్లలకు మూడు మాటలు నేర్పాలి: తింటున్న, నిద్రిస్తున్న, పిల్లలున్న కుక్క దగ్గరికి పోవద్దు, వెంటపడితే పరుగెత్తక కదలకుండా నిలబడు, కరిస్తే, గీరితే దాచకుండా ఇంట్లో చెప్పు.

మస్జిద్ ఈ వరుసలో ఎక్కడ నిలుస్తుంది? కొన్ని బాధ్యతలను కొందరు నెరవేరిస్తే అందరి మీది భారం తొలగిపోతుంది. ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులవుతారు. ధర్మశాస్త్రంలో దీనిని ఫర్జె కిఫాయా అంటారు. ఊరి వీధిలో పొంచి ఉన్న మరణాన్ని తొలగించడం ఆ కోవకే చెందుతుందని మా అభిప్రాయం. ఒక్క ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడడంతో సమానమన్న ఖుర్ఆన్ బోధనను మనం ఎన్నో వేదికల మీద వినిపిస్తుంటాం. ఆ ప్రాణం మన బంధువుదే కానవసరం లేదు. పూడిమడక ఒడ్డున వల లాగే మనిషిది కావచ్చు, అద్దె గదిలో ఉండే వలస కార్మికుడి బిడ్డది కావచ్చు.

ఇమామ్ సాహెబులకు మా విన్నపం: ఏడాదికి ఒక్క జుమా ప్రసంగంలో, సెప్టెంబరు 28 రేబిస్ దినానికి ముందు వచ్చే శుక్రవారం నాడు, అయిదు నిమిషాలు ఈ విషయానికి కేటాయించండి. దగ్గరలోని పశువైద్యుడినీ, ఆరోగ్య కేంద్రం వైద్యుడినీ నమాజు తరువాత మాట్లాడమని ఆహ్వానించండి. మస్జిద్ కమిటీలకు మా విన్నపం: వుజూ చేసే చోట ఒక సబ్బు ఎప్పుడూ ఉంచండి; దాని పైన కాటు పడితే పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళమని ఒక పలక తగిలించండి. ఊళ్ళోని ఇతర మతాల పెద్దలతో కలిసి పంచాయతీకి వెళ్ళి కుక్కల టీకా శిబిరం ఎప్పుడు పెడతారని అడగండి.

తల్లులకు, తండ్రులకు మేము చెప్పేది ఇంకా చిన్నది. ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: ఈ మధ్య ఎప్పుడైనా కుక్క గానీ, పిల్లి గానీ కరిచిందా, గీరిందా? అడిగే గొంతులో కోపం లేకుండా చూసుకోండి. అవునన్న జవాబు వస్తే, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వేసిన సూది తేదీని, వేయించవలసిన సూదుల తేదీలను గోడ మీది క్యాలెండరులో రాసుకోండి.